జడ్జి కావచ్చు, ముందు ఆ మూడేళ్లు బతకాలి

డిసెంబర్ 3న మన జిల్లాల్లో రెండు వేర్వేరు సభలు జరుగుతాయి. బాబూ రాజేంద్రప్రసాద్ జయంతి కాబట్టి బార్ అసోసియేషన్లు న్యాయవాదుల దినోత్సవం చేసుకుంటాయి. అదే రోజు అంతర్జాతీయ వికలాంగుల దినోత్సవం. అక్కడ ఆటల పోటీలు, ట్రైసైకిళ్ల పంపిణీ, అధికారుల ప్రసంగాలు. ఈ సభకొచ్చినవాళ్లు ఆ సభకు వెళ్లరు. రెండిట్లోనూ కూర్చోవాల్సిన మనిషి ఒకరున్నారు: వైకల్యం ఉన్న న్యాయవాది. ఆ మనిషి దళితవాడ నుంచి వచ్చినవారైతే ఏప్రిల్ 14 సభ కూడా వాళ్లదే. అక్కడ మన వేదికల మీద కూడా వాళ్ల ప్రస్తావన అరుదుగానే వినిపిస్తుంది.

మాట గురించి ముందే ఒక మాట. ఇక్కడ 'దివ్యాంగులు' అని రాయడం లేదు. 'హరిజన' అన్న పిలుపును మనం ఎందుకు వద్దనుకున్నామో, వికలాంగుల ఉద్యమాల్లో చాలామంది దీన్ని కూడా అందుకే వద్దంటున్నారు. హక్కు అడిగినవాడికి దైవత్వం అంటగట్టి పంపేయడం పాత అలవాటే.

కంగ్టి నుంచి చూద్దాం. సంగారెడ్డి జిల్లా కొసన, కర్ణాటక సరిహద్దు దగ్గరి మండలం. నారాయణఖేడ్ ప్రాంతం 1956 వరకు బీదర్ జిల్లాలో ఉండేది. అందుకే ఇక్కడి మాటలో తెలుగుతో పాటు కన్నడ, మరాఠీ, ఉర్దూ కలిసి ఉంటాయి. పాత భూమి కాగితాల్లో ఉర్దూ కనిపిస్తుంది. కంగ్టివాళ్లకు కింది కోర్టు ఖేడ్‌లో, జిల్లా కోర్టు సంగారెడ్డిలో, హైకోర్టు హైదరాబాద్‌లో. పోలియో సోకిన కాలుతో మాదిగవాడ నుంచి వచ్చి, లాసెట్ రాసి, హాస్టల్లో ఉండి, మూడేళ్ల ఎల్‌ఎల్‌బీ పూర్తి చేసిన ఒక అమ్మాయిని ఊహించుకోండి. పట్టా వచ్చింది. సదరం సర్టిఫికెట్ ఉంది. నెలకు 4,016 రూపాయల పింఛను వస్తోంది. బస్సు ఆడవాళ్లకు ఉచితమే, కానీ ఆ బస్సు మొదటి మెట్టు మోకాలి ఎత్తున ఉంటుంది. రేపటి నుంచి ఆమె ఎక్కడికి వెళ్లాలి, ఎవరి దగ్గర కూర్చోవాలి, ఏం తినాలి? వికలాంగ న్యాయవాదుల ఉపాధి అనే ప్రశ్న మొత్తం ఇందులోనే ఉంది. దీనికి జవాబు లేనప్పుడు పైకోర్టు తీర్పులు ఎంత గొప్పవైనా ఆమె దాకా రావు.

తీర్పులు తిరిగిన మలుపు

అయినా తీర్పులు తెలిసి ఉండాలి. అడగడానికి పునాది అవే.

2019 జనవరిలో వి. సురేంద్ర మోహన్ కేసులో సుప్రీంకోర్టు దిగులు పుట్టించే మాట చెప్పింది. తమిళనాడులో సివిల్ జడ్జి పోస్టుకు చూపు లోపం ఉన్నవారిలో 40 నుంచి 50 శాతం వైకల్యం ఉన్నవారే అర్హులన్న నిబంధన సబబేనంది. దరఖాస్తు చేసిన న్యాయవాదికి ఉన్నది 70 శాతం. చూపు తక్కువైతే తీర్పు చెప్పలేరన్న పాత అనుమానానికి చట్టం ముద్ర పడింది.

రెండేళ్లకు, 2021 ఫిబ్రవరి 11న, వికాస్ కుమార్ కేసులో అదే కోర్టు దారి మార్చుకుంది. సివిల్ సర్వీసెస్ పరీక్షకు రాయసగాడు కావాలని అడిగిన అభ్యర్థి కేసు అది. 2016 వికలాంగుల హక్కుల చట్టంలో 'సహేతుకమైన ఏర్పాటు' అనే భావన ఉంది. మనిషి అవసరాన్ని బట్టి పరిస్థితిని సర్దాలని, సర్దకపోతే అది వివక్షేనని దాని అర్థం. 40 శాతం సర్టిఫికెట్ లేనివారికి కూడా ఈ హక్కు ఉందని కోర్టు తేల్చింది. సురేంద్ర మోహన్ తీర్పు ఈ భావనను పట్టించుకోలేదు కాబట్టి అది ఇక పాటించాల్సిన తీర్పు కాదని కూడా చెప్పింది.

తర్వాత 2025 మార్చి 3. మధ్యప్రదేశ్‌లో చూపులేనివారిని న్యాయసేవల్లోకి రానివ్వని 6ఏ నిబంధన మీద ఒక అభ్యర్థి తల్లి సుప్రీంకోర్టుకు ఉత్తరం రాసింది. కోర్టు దాన్నే కేసుగా తీసుకుంది. జస్టిస్ పార్దీవాలా, జస్టిస్ మహదేవన్ ధర్మాసనం ఆ నిబంధనను కొట్టేసింది. వైకల్యం ఒక్కటే కారణంగా ఎవరినీ న్యాయసేవల నుంచి తప్పించరాదంది. అదే తీర్పులో పత్రికలు పెద్దగా పట్టించుకోని భాగం ఒకటుంది. మధ్యప్రదేశ్ 7వ నిబంధన ప్రకారం మూడేళ్ల ప్రాక్టీసు ఉండాలి, లేదా మొదటి ప్రయత్నంలోనే 70 శాతం మార్కులు తెచ్చుకుని ఉండాలి. వికలాంగుల విషయంలో ఈ అదనపు షరతు సమానత్వానికి విరుద్ధమని కోర్టు ఆ మేరకు దాన్ని కూడా కొట్టేసింది.

రెండున్నర నెలలు గడిచాయి. 2025 మే 20న ఆలిండియా జడ్జెస్ అసోసియేషన్ కేసులో సుప్రీంకోర్టు దేశమంతటా సివిల్ జడ్జి పోస్టుకు మూడేళ్ల ప్రాక్టీసును మళ్లీ తప్పనిసరి చేసింది. ధర్మాసనానికి నాయకత్వం వహించిన జస్టిస్ బి.ఆర్. గవాయ్ ప్రధాన న్యాయమూర్తిగా ప్రమాణం చేసి అప్పటికి ఆరు రోజులే. ఆ పదవిలోకి వచ్చిన రెండో దళితుడు ఆయన. కోర్టు చూడని వాళ్లను నేరుగా జడ్జీలుగా కూర్చోబెడితే ఇబ్బందులు వస్తున్నాయన్నది తీర్పు వాదన. అందులో నిజం ఉంది. కానీ మార్చిలో వికలాంగుల విషయంలో తప్పని చెప్పిన షరతునే మేలో అందరికీ వర్తింపజేస్తూ, వికలాంగులకు వేరే వెసులుబాటు ఏదీ చెప్పలేదు. ప్రాక్టీసు చేసినట్టు పదేళ్ల అనుభవం ఉన్న న్యాయవాది ధ్రువీకరించాలి, దాన్ని అక్కడి ప్రధాన న్యాయాధికారి ఆమోదించాలి. అంటే కంగ్టి అమ్మాయి జడ్జి పరీక్ష రాయాలంటే ముందు ఒక సీనియర్ ఆమెను జూనియర్‌గా తీసుకోవాలి. జడ్జి కుర్చీకి తలుపు తెరిచినవాళ్లే దాని ముందు మూడేళ్ల దారి పరిచారు. ఆ దారి ఎవరి ఖర్చుతో నడవాలో చెప్పలేదు.

సర్కారీ కొలువుల్లో ఇంకొకటైన అసిస్టెంట్ పబ్లిక్ ప్రాసిక్యూటర్ పోస్టుకు కూడా తెలంగాణలో మూడేళ్ల ప్రాక్టీసు అడుగుతారు.

నాలుగు శాతం ఎక్కడ వర్తిస్తుంది, ఎక్కడ వర్తించదు

1995 చట్టం ఉద్యోగాల్లో 3 శాతం ఇచ్చింది. 2017 ఏప్రిల్ 19 నుంచి అమల్లోకి వచ్చిన 2016 చట్టం 34వ సెక్షన్‌లో దాన్ని 4 శాతం చేసింది. చూపు లోపానికి 1, వినికిడి లోపానికి 1, కదలికకు సంబంధించిన వైకల్యానికి 1, మిగిలిన ఒక శాతం ఆటిజం, మేధోపర, మానసిక వైకల్యాలు, బహుళ వైకల్యాలు ఉన్నవారికి. భర్తీ కాని పోస్టు మరుసటి ఏడాదికి వెళ్తుంది. అప్పుడు కూడా ఆ వర్గంలో మనిషి దొరక్కపోతే మిగతా వైకల్య వర్గాలకు ఇవ్వాలి. వాళ్లూ లేకపోతేనే బయటివారికి.

ఇది అడ్డంగా కోసే రిజర్వేషన్. ఎంపికైన వికలాంగ అభ్యర్థి ఎస్సీ అయితే ఎస్సీ కోటాలోనే సర్దుతారు. ఎస్సీల్లో వికలాంగులు తక్కువేమీ కాదు. 2011 జనాభా లెక్కల్లో దేశం మొత్తం మీద వికలాంగులు 2.21 శాతం ఉంటే ఎస్సీల్లో 2.45 శాతం. పేదరికం, ప్రమాదకరమైన పనులు, అందని వైద్యం కలిసి ఆ తేడాను తయారుచేస్తాయి.

అసలు చిక్కు వేరే చోట ఉంది. ఈ 4 శాతం 'పోస్టు'లకు. జడ్జి, ఏపీపీ, కోర్టు సిబ్బంది పోస్టుల కిందికి వస్తారు. న్యాయవాదికి నిజంగా అన్నం పెట్టే ప్రభుత్వ పనుల్లో ఎక్కువ భాగం పోస్టులు కావు: ప్రభుత్వ ప్లీడరు, అసిస్టెంట్ ప్లీడరు, కార్పొరేషన్లకు బ్యాంకులకు స్టాండింగ్ కౌన్సిల్, న్యాయసేవాధికార సంస్థ ప్యానెల్ లాయరు. ఇవన్నీ నియమిత కాలానికి అప్పగించే పనులు. ఎవరికి వస్తాయో కోర్టు ఆవరణలో టీ తాగేవాళ్లందరికీ తెలుసు. పార్టీ, బంధుత్వం, సీనియర్ మాట. రోస్టర్ లేదు. దళిత న్యాయవాదులు చాలా ఏళ్లుగా చెబుతున్న ఫిర్యాదే ఇది. వికలాంగ న్యాయవాదిది కూడా ఇదే ఫిర్యాదు. ఇద్దరూ కలిసి అడగడం మాత్రం ఇంకా మొదలు కాలేదు.

కలిసి నడిచిన అనుభవం మనకు లేకపోలేదు. పింఛను పెంపు కోసం తెలుగు నేల మీద వికలాంగుల హక్కుల పోరాట సమితి సాగించిన ఉద్యమానికి ముందు నిలబడింది దండోరా నాయకుడు మంద కృష్ణ మాదిగే. పింఛను దగ్గర కుదిరిన ఆ కలయిక ఉద్యోగాల దగ్గరికి, అందులోనూ నల్లకోటు దగ్గరికి, ఇంకా రావాల్సి ఉంది.

డబ్బు

ఒక మంచి వార్త. 2024 జూలై 30న గౌరవ్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు బార్ కౌన్సిళ్ల ఫీజుల దోపిడీకి అడ్డుకట్ట వేసింది. న్యాయవాదుల చట్టం 24వ సెక్షన్ రాసిన దానికి మించి ఎన్‌రోల్‌మెంట్ ఫీజు వసూలు చేయరాదంది. సాధారణ అభ్యర్థికి 750 రూపాయలు, ఎస్సీ, ఎస్టీలకు 125 రూపాయలు. అంతకుముందు చాలా రాష్ట్రాల్లో ఇది వేలల్లో, పదివేలల్లో ఉండేది. బలహీన వర్గాల వాళ్లు వృత్తిలోకి అడుగుపెట్టకుండా ఆ ఫీజు ఆపుతోందని తీర్పు నేరుగానే చెప్పింది. ఎస్సీ కాని వికలాంగుడికి చట్టంలో ఈ రాయితీ లేదు. చట్టాన్ని సవరించమని అడగాల్సిన అంశం అది.

సనదు చేతికొచ్చాక అసలు కరువు మొదలవుతుంది. సీనియర్ దగ్గర మొదటి ఏళ్లలో జూనియర్‌కు దక్కేది చాలాచోట్ల టీ, భోజనం, అప్పుడప్పుడు బస్సు చార్జీ. జూనియర్లకు పట్టణాల్లో నెలకు 20,000, గ్రామీణ ప్రాంతాల్లో 15,000 ఇవ్వాలని 2024 అక్టోబర్‌లో బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా ఒక సర్క్యులర్ ఇచ్చింది. అది సిఫార్సు మాత్రమే. కట్టుబడాల్సిన అవసరం ఎవరికీ లేదు. ఆంధ్రప్రదేశ్‌లో 2019 డిసెంబర్ 3న 'లా నేస్తం' పేరుతో జూనియర్లకు మూడేళ్ల పాటు నెలకు 5,000 ఇచ్చే పథకం మొదలుపెట్టారు. ఆ తేదీ న్యాయవాదుల దినోత్సవమని ఎంచుకున్నారు. వికలాంగుల దినోత్సవం కూడా అదేనని అందులో ఎక్కడా కనిపించలేదు.

మన దగ్గర ఎస్సీ అభివృద్ధి శాఖ పథకం ఒకటి చాలాకాలంగా ఉంది. ఎస్సీ లా పట్టభద్రులకు న్యాయపాలనలో మూడేళ్ల శిక్షణ. ప్రభుత్వ ప్లీడరు లేదా సీనియర్ న్యాయవాది దగ్గర చేరుస్తారు, నెలనెలా స్టైపెండ్ ఇస్తారు. జిల్లాల వారీగా దరఖాస్తులు పిలుస్తారు. ప్రకటన పేపర్లో ఒక మూల పడుతుంది. చూసినవాళ్లు చూస్తారు. సీట్లు తక్కువ, స్టైపెండ్ అంతకన్నా తక్కువ. అయినా మనం పట్టుకోవాల్సింది దీన్నే. పథకం నిడివి మూడేళ్లు, జడ్జి పరీక్షకు కావలసిన ప్రాక్టీసు మూడేళ్లు. ఈ పథకంలో వికలాంగులకు ముందు వరస ఇచ్చి, వారి స్టైపెండ్‌కు తోడుగా రాకపోకలు, చదివి వినిపించే సహాయకుల ఖర్చు కలిపితే కంగ్టి అమ్మాయి ప్రశ్నలో సగానికి జవాబు దొరుకుతుంది. కొత్త చట్టం అక్కర్లేదు, ఒక జీవో చాలు.

పని చేసే చోటు

చూపులేని న్యాయవాది ఫైలు ఎలా చదువుతారని అడిగేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. ఎన్‌వీడీఏ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్ కంప్యూటర్ తెరమీది అక్షరాన్ని చదివి వినిపిస్తుంది, తెలుగు యూనికోడ్ అయితే తెలుగులోనే. ఇబ్బంది ఆ మనిషి కళ్లలో కన్నా కాగితంలో ఎక్కువ ఉంది. చేత్తో రాసిన వాంగ్మూలం, దాన్ని వంకరగా స్కాన్ చేసిన పీడీఎఫ్, అను ఫాంట్లలో కొట్టిన దరఖాస్తు. అను ఫాంటులో కంటికి తెలుగు కనిపిస్తుంది, యంత్రం లోపల ఉండేవి ఇంగ్లిష్ గుర్తులు. చదివే సాఫ్ట్‌వేర్‌కు అది గోల. చార్జిషీట్లు, దావాలు యూనికోడ్‌లో ఇవ్వాలన్న ఒక్క ఆదేశం ఎందరో జూనియర్లకు పని చూపిస్తుంది. డీటీపీ సెంటర్ల వాళ్లకు కొన్నాళ్లు విసుగ్గా ఉంటుంది, అంతే.

వినపడనివారి విషయం 2023 సెప్టెంబర్ 22న దేశానికి తెలిసింది. సారా సన్నీ అనే బధిర న్యాయవాది సంజ్ఞా భాష అనువాదకుడి సాయంతో సుప్రీంకోర్టులో హాజరయ్యారు. అక్కడ కుదిరింది ఖేడ్‌లో కుదరాలంటే అనువాదకుడి ఫీజు కోర్టు ఖర్చులో భాగం కావాలి. న్యాయవాది జేబులోంచి పెట్టుకోమంటే ఆ పూట ఫీజు మొత్తం దానికే పోతుంది.

నడవలేనివారికి రెండు ఆధారాలున్నాయి. 2023 అక్టోబర్‌లో సర్వేశ్ మాథుర్ కేసులో, వీడియో ద్వారా హాజరవుతామన్న న్యాయవాదులను ఏ హైకోర్టూ కాదనరాదని సుప్రీంకోర్టు చెప్పింది. రెండోది రాజీవ్ రతూరి కేసు, 2024 నవంబర్ 8. అందుబాటు ప్రమాణాలను కేవలం మార్గదర్శకాలుగా వదిలేసిన నిబంధన చెల్లదని, తప్పనిసరి ప్రమాణాలు రాయమని కేంద్రాన్ని ఆదేశించారు. ఆ తీర్పుకు ఆధారమైన నివేదిక తయారైంది మన హైదరాబాద్‌లోనే, నల్సార్ విశ్వవిద్యాలయంలోని వైకల్య అధ్యయన కేంద్రంలో. ప్రభుత్వ భవనాలన్నిటినీ ఐదేళ్లలో అందుబాటులోకి తేవాలని చట్టం 45వ సెక్షన్ పెట్టిన గడువు ఎప్పుడో దాటింది. ర్యాంప్ వాలు ఒకటికి పన్నెండు ఉండాలి, అంటే అడుగు ఎత్తు ఎక్కడానికి పన్నెండు అడుగుల పొడవు. దీన్ని కొలవడానికి ఇంజనీరు అక్కర్లేదు, టేపు చాలు. కోర్టు హాలుతో పాటు బార్ అసోసియేషన్ గది, మరుగుదొడ్డి, ఫైలింగ్ కౌంటరు కూడా కొలవండి. జూనియర్ రోజంతా గడిపేది అక్కడే.

వాళ్లు ఎందుకు కావాలంటే

ఇది కొందరి జీవనోపాధికి మాత్రమే సంబంధించిన గొడవ అనుకునేవారు పటాన్ జమాల్ వలి కేసు చదవాలి. ఆంధ్రప్రదేశ్ నుంచి వెళ్లిన కేసు, సుప్రీంకోర్టు తీర్పు 2021 ఏప్రిల్ 27న. పుట్టుకతో చూపులేని 19 ఏళ్ల ఎస్సీ యువతి మీద అత్యాచారం. నిందితుడు ఆమె అన్నదమ్ములకు తెలిసినవాడు. ఆమె అతన్ని గొంతు బట్టి గుర్తుపట్టింది. ఆ గుర్తింపు చెల్లుతుందని, చూపులేని సాక్షి మాట తక్కువ కాదని కోర్టు గట్టిగా చెప్పింది. కులం, స్త్రీత్వం, వైకల్యం విడివిడిగా కాక ఒకదానిలో ఒకటి పెనవేసుకుని ఆమె మీద పడ్డాయని వివరించింది. అత్యాచారానికి యావజ్జీవ శిక్ష నిలిచింది. అట్రాసిటీ చట్టం 3(2)(v) కింద పడ్డ శిక్ష మాత్రం రద్దయింది. కులం కారణంగానే నేరం జరిగిందని చూపే సాక్ష్యం ప్రాసిక్యూషన్ ప్రవేశపెట్టలేదన్నారు. 2016 జనవరి నుంచి అమలైన సవరణతో బాధితురాలి కులం తెలిసి ఉంటే చాలు. ఈ నేరం అంతకుముందుది.

ఆ సాక్ష్యం ఎక్కడ తప్పిపోయింది? ఢిల్లీలో కాదు, కింది కోర్టులో. వాంగ్మూలం రాసుకునేటప్పుడు, సాక్షిని విచారించేటప్పుడు ఏ ప్రశ్న అడగాలో తెలిసిన మనిషి అక్కడ ఉండాలి. చుండూరు కోసం, కారంచేడు కోసం బొజ్జా తారకం లాంటివారు నిలబడ్డప్పుడు దళిత న్యాయవాది ఉంటే కేసు ఎలా మారుతుందో చూశాం. వైకల్యాన్ని లోపలి నుంచి తెలిసిన న్యాయవాది కూడా అలాంటి తేడానే తెస్తారు.

సామర్థ్యం మీద అనుమానం ఉన్నవారికి మూడు పేర్లు చాలు. చిన్నప్పుడే చూపు పోయిన సాధన్ గుప్తా 1953లో లోక్‌సభకు గెలిచారు, 1986లో పశ్చిమ బెంగాల్ అడ్వకేట్ జనరల్ అయ్యారు. చూపులేని సీనియర్ న్యాయవాది ఎస్.కె. రుంగ్టా వాదించిన నేషనల్ ఫెడరేషన్ ఆఫ్ ది బ్లైండ్ కేసులోనే 2013 అక్టోబర్ 8న, వికలాంగుల కోటాను గుర్తించిన కొద్ది పోస్టుల మీద కాక మొత్తం ఖాళీల మీద లెక్కగట్టాలని తేలింది. డర్బన్‌లో వర్ణవివక్ష వ్యతిరేక ఉద్యమకారుల కేసులు వాదించిన జాక్ యాకూబ్ పసితనంలోనే చూపు కోల్పోయారు. 1998 నుంచి 2013 వరకు ఆయన దక్షిణాఫ్రికా రాజ్యాంగ న్యాయస్థానంలో న్యాయమూర్తి.

ఖేడ్‌లో ఏం అడగవచ్చు

అట్రాసిటీ నిబంధనలు, 1995లో 4(5) అని ఒకటుంది. బాధితులు కోరితే ప్రత్యేక కోర్టులో కేసు నడపడానికి ఒక సీనియర్ న్యాయవాదిని కలెక్టర్ నియమించి ఫీజు చెల్లించవచ్చు. అలా వచ్చిన సీనియర్ వెంట ఒక వికలాంగ దళిత జూనియర్‌ను తీసుకోమని బాధితుల తరఫు సంఘాలే షరతుగా పెట్టవచ్చు.

వికలాంగుల చట్టం 92(ఎ) సెక్షన్ అట్రాసిటీ చట్టం 3(1)(ఆర్)కు దగ్గరి చుట్టం. అందరి ఎదుట అవమానించాలన్న ఉద్దేశంతో కించపరిస్తే ఆరు నెలల నుంచి ఐదేళ్ల జైలు. వాడలో మనవాళ్లను కులం పేరుతో, 'కుంటి', 'గుడ్డి' అంటూ ఒకే నోటితో తిట్టినప్పుడు ఫిర్యాదులో సాధారణంగా మొదటిదే రాస్తున్నాం. రెండూ రాయాలి. వికలాంగుల చట్టం 84వ సెక్షన్ ప్రత్యేక కోర్టులు, 85వ సెక్షన్ ప్రత్యేక పబ్లిక్ ప్రాసిక్యూటర్ ఉండాలంటుంది. ప్రాసిక్యూటర్‌కు ఏడేళ్ల ప్రాక్టీసు చాలు. కేసులే నమోదు కాకపోతే ఆ పని కూడా పుట్టదు.

న్యాయసేవాధికార సంస్థ దగ్గర ఇంకో అవకాశం ఉంది. 1987 చట్టం 12వ సెక్షన్ ప్రకారం ఎస్సీ, ఎస్టీలూ వికలాంగులూ ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయసహాయానికి అర్హులు. అర్హుల్లో ఉన్నవాళ్లు ఆ సాయం చేసే ప్యానెల్‌లో ఎందరున్నారన్నది అడగదగ్గ ప్రశ్న. 2022 నుంచి జిల్లాల్లో నడుస్తున్న లీగల్ ఎయిడ్ డిఫెన్స్ కౌన్సిల్ కార్యాలయాల్లో చీఫ్, డిప్యూటీ, అసిస్టెంట్ స్థాయిల్లో కాంట్రాక్టు మీద నెల జీతంతో న్యాయవాదులను తీసుకుంటున్నారు. కొత్తవారికి నిలకడగా డబ్బు వచ్చే అరుదైన చోటు అది.

బార్ అసోసియేషన్ కూడా తప్పించుకోలేదు. 2016 చట్టం దృష్టిలో సంఘాలు, సొసైటీలు సైతం 'సంస్థ' కిందికి వస్తాయి. ప్రతి సంస్థా సమాన అవకాశాల విధానం ప్రకటించాలని 21వ సెక్షన్ చెబుతుంది. ఆ కాగితం చూపించమని సభ్యులే అడగవచ్చు. లేదంటే రాష్ట్ర వికలాంగుల కమిషనర్‌కు రాయవచ్చు.

విద్యార్థులు రేపే చేయగలిగిన పని ఒకటుంది. జిల్లా న్యాయసేవాధికార సంస్థకు, ఎస్సీ అభివృద్ధి శాఖ జిల్లా కార్యాలయానికి, కలెక్టరేట్‌కు సమాచార హక్కు దరఖాస్తులు పెట్టండి. గత ఐదేళ్లలో ప్యానెల్ లాయర్లు, డిఫెన్స్ కౌన్సిళ్లు, ప్రభుత్వ ప్లీడర్లు ఎందరు, వారిలో ఎస్సీలు ఎందరు, వికలాంగులు ఎందరు, రెండూ అయినవారు ఎందరు. శిక్షణ పథకంలో ఏటా ఎన్ని సీట్లు, ఎన్ని నిండాయి, స్టైపెండ్ ఏ నెల వరకు అందింది. ఖేడ్ కోర్టు భవనానికి అందుబాటు తనిఖీ ఎప్పుడు జరిగింది, ఆ నివేదిక నకలు. రుసుము 10 రూపాయలు, తెల్ల రేషన్ కార్డు ఉంటే అదీ లేదు. జవాబుకు గడువు 30 రోజులు.